కునుకు సీటు

విమానం నడిపేవాళ్లకు విమానంలో చోటు దొరకడం ఎంత కష్టమో మామూలు ప్రయాణికులకు తెలియదు. కెప్టెన్ యాళ్ల రత్నమణి తల ఆ రోజు నా భుజం మీద వాలకపోతే నాకూ తెలిసేది కాదు.

రాజమండ్రి నుంచి హైదరాబాదు వచ్చే కోరంగి ఎయిర్‌వేస్ విమానం అది. చివరి నుంచి రెండో వరస. నాది కిటికీ పక్క. నడవ పక్కన ఒక భారీ మనిషి రెండు మోచేతులూ చాపుకుని స్థిరపడ్డాడు. తలుపు మూసే ముందు అందరికంటే ఆఖరున ఒకావిడ వచ్చి మా ఇద్దరి మధ్య ఇరుక్కుంది. యాభై దాటిన మనిషి. తెల్లచొక్కా భుజాల మీది నాలుగు బంగారు చారలు కనపడకుండా నల్లకోటు కప్పుకుంది. బెల్టు పెట్టుకుంది, కళ్లు మూసింది, అంతే. విమానం ఇంకా కదలనైనా లేదు. హైదరాబాదు పొలిమేరల్లోకి వచ్చాక ఉలిక్కిపడి లేచింది. కోటు జారి చారలు బయటపడ్డాయి.

"క్షమించండి బాబూ. మీ భుజాన్ని తలగడ చేసేసుకున్నాను."

"ఫర్వాలేదండి. మీరు పైలటులా ఉన్నారు. మీకు ముందు సీటు ఇవ్వరా?"

ఆవిడ నవ్వింది. "మేం ప్రయాణికుల్లా ఎక్కితే మాకు రెండు రకాల కర్మలండి. నడపాల్సిన విమానం ఒక ఊళ్లో, మేం ఇంకో ఊళ్లో ఉంటే కంపెనీయే మమ్మల్ని అక్కడికి మోసుకెళ్తుంది. అప్పుడు సీటు ఖాయం. ఏ సీటన్నది మాత్రం మన అదృష్టం. సొంత పని మీద వెళ్తే సీటుకే దిక్కులేదు. కౌంటరు దగ్గర పక్కకి నిలబడాలి. టికెట్టు కొన్నవాళ్లంతా ఎక్కాక మిగిలితే సీనియారిటీ ప్రకారం పిలుస్తారు. ముందు సీటు ఖాళీ ఉందా అని అడక్కూడదు. ఇస్తే కాదనకూడదు."

"ఇప్పుడు ఏ కర్మ?"

"మొదటిదేనండి. ఇంకో గంటన్నరలో గువాహటి విమానం నేనే నడపాలి. నూట ఎనభై మంది ఉంటారు."

నాకు ఒళ్లు జలదరించింది. నా వృత్తి నిద్ర. అంటే నిద్రపోవడం కాదు, నిద్ర మీద పరిశోధన. మెడ విరుచుకుని తీసిన ఆ నలభై నిమిషాల కునుకు ఎంతకు సరిపోతుందో నాకంటే బాగా చెప్పేవాడు ఆ విమానంలో లేడు. దిగే ముందు నా పేరూ, నాచారంలో నా ప్రయోగశాల అడ్రసూ ఒక కాగితం మీద రాసి ఆవిడ చేతిలో పెట్టాను. డాక్టర్ శేషఫణి అన్న పేరు కింద, "మీ కోసం ఒక సీటు తయారు చేస్తున్నాను" అని కూడా రాశాను. చదివి నన్ను ఎగాదిగా చూసింది. యాభై దాటిన ఆడదానితో సరసమనుకుందేమో!

*

మనం నిద్రపోతున్నప్పుడు మెదడు తనను తాను కడుక్కుంటుంది. రోజంతా పేరుకున్న అలసటను ఊడ్చి పారబోస్తుంది. అందుకు రాత్రంతా కావాలి. ఆ పని యాభై నిమిషాల్లో చేయించాలని నేను ఆరేళ్లుగా తంటాలు పడుతున్నాను. నా దగ్గర ఒక వాలు కుర్చీ, తలకు తొడిగే ఒక టోపీ ఉండేవి. టోపీలోంచి సన్నటి విద్యుత్ తరంగాలు మెదడుకు లాలిపాట పాడతాయి. ఎలుకలు ఆ టోపీలో యాభై నిమిషాలు పడుకుని లేచి, రాత్రంతా నిద్రపోయిన ఎలుకల్లా పరుగులు పెట్టాయి. ఇక మనిషి కావాలి.

నెల తిరక్కుండా రత్నమణిగారే వచ్చారు. సెలవు రోజున, నేతచీర కట్టుకుని, కాకినాడ నుంచి కాజాల పొట్లం పట్టుకుని.

"పడుకోబెట్టండి చూద్దాం డాక్టరుగారూ. నేను లేచాక విమానం నడపగలిగితే మీ మాట నిజం. నడపలేకపోతే కాజాలు నావి."

ముప్పై గంటలు మెలకువగా ఉంచాం. మా కుర్రాళ్లతో చదరంగం ఆడింది, తన పెళ్లి కథ చెప్పింది, గోదావరి వరదల కథలు చెప్పింది. ఆఖరికి ఆవిడ కళ్లు చింతనిప్పుల్లా అయ్యాయి. అప్పుడు టోపీ పెట్టాను. యాభై నిమిషాల తర్వాత కళ్లు తెరిచి, ఒళ్లు విరుచుకుని, "తెల్లారిందా?" అంది. పక్క గదిలో నకిలీ కాక్‌పిట్ ఉంది. నేల విడవబోతుండగా ఇంజనుకు నిప్పంటుకునే పరీక్ష పెట్టాం. చెయ్యి వణకలేదు, మాట తడబడలేదు. ఒకదాని తర్వాత ఒకటి మీటలు నొక్కి, విమానాన్ని ఒకే ఇంజనుతో తిప్పి తెచ్చి దించింది. నేను నా వయసు మరచిపోయి గంతులేశాను.

అప్పుడే బల్ల మీది పొట్లం విప్పి ఒక కాజా నోట్లో వేసుకుని, "అబ్బ, అచ్చం మా ఊరి కాజానే. ఎవరు తెచ్చారండీ?" అంది.

గదిలో అందరం పడీపడీ నవ్వాం. గోదారివాళ్లకు వేళాకోళం ఎక్కువ కదా అనుకున్నాను. ఆవిడ కూడా ఒక క్షణం మా మొహాలు చూసి మాతోపాటు నవ్వేసింది.

ఏడాదిన్నర గడిచాక కోరంగి ఎయిర్‌వేస్ ప్రతి విమానంలోనూ ముందు వరసలో ఇలాంటి సీట్లు రెండు పెట్టింది. పైలట్లు వాటికి 'కునుకు సీటు' అని పేరు పెట్టుకున్నారు. కంపెనీ నియమావళిలోకి కొత్తగా పద్నాలుగో నిబంధన వచ్చింది. డ్యూటీకి వెళ్తూ ప్రయాణికుడిగా ఎక్కిన పైలటుదే ఆ సీటు. ఎంత పెద్ద టికెట్టు కొన్నవాడైనా లేచి ఇవ్వాల్సిందే. వద్దనే హక్కు పైలటుకూ లేదు. ఆ నిబంధన ముసాయిదా రాసింది నేనే. ఆఖరి వాక్యం మీద నాకు మరీ మురిపెం. పైలట్లు మొహమాటస్తులు, ఎవరైనా ముసలాయన కనిపిస్తే సీటు వదిలేస్తారని ముందుచూపు!

ఆ నిబంధన అమల్లోకి వచ్చిన వారంలో రత్నమణిగారు ఎక్కిన విమానంలో నేనూ ఉన్నాను. మొదటి వరసలో కూర్చున్న సిమెంటు కంపెనీ యజమాని ఒకాయన లేవనని మొండికేశాడు. "నాకు టికెట్టుంది. ఈవిడకేముంది?" అన్నాడు.

"మీరు హైదరాబాదులో దిగి ఢిల్లీ విమానం ఎక్కుతారేమోనండి?" అని అడిగింది ఆవిడ.

"అవును. అయితే?"

"అది నేనే నడుపుతానండి. నన్ను ఇప్పుడు పడుకోమంటారా, అప్పుడు పడుకోమంటారా?"

ఆయన తన బ్యాగు తనే తీసుకుని వెనక్కి నడిచాడు. దిగేటప్పుడు నమస్కారం కూడా పెట్టాడు.

మూడేళ్లు అలాగే గడిచాయి. రెండు వందల పన్నెండు మంది పైలట్లు, వేల ప్రయాణాలు. అలసట వల్ల జరిగిన తప్పు ఒక్కటి లేదు. నాకు శాలువాలు కప్పారు. అద్దంలో చూసుకుంటే నేనే కాస్త పొడుగైనట్టు కనిపించేవాణ్ణి.

*

ఇక ఇప్పుడు చెప్పేది నేను కళ్లారా చూసింది కాదు. ఆవిడ చెప్పగా విన్నది.

రత్నమణిగారి భర్త వీర్రాజు కాకినాడ రేవులో ముప్పై ఏళ్లు లాంచీ సరంగు. ఇంట్లో ఇద్దరు కెప్టెన్లన్నమాట. నీళ్లమీద ఆయన, గాలిలో ఈవిడ. ఆయన గొంతెత్తితే మైకు లేకుండా రెండు లాంచీల అవతలికి వినపడేదట. ఆ గొంతుకే జబ్బు వచ్చింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యక తప్పదన్నారు, తీసేశారు. పద్నాలుగు నెలలు ఆయన పలక మీద రాసి మాట్లాడాడు.

స్వరపేటిక లేకపోయినా మాట్లాడే విద్య ఒకటుంది. గాలి గుక్క మింగి, తేన్పులా పైకి తెచ్చి, ఆ తేన్పును పెదాలతో మాటలుగా మలచాలి. చెప్పినంత తేలిక కాదు. కొందరికి ఏళ్లు పడుతుంది, కొందరికి అసలు రాదు. వీర్రాజు డాబా మీదికెక్కి ఒక్కడే సాధన చేసేవాడు. పూర్తిగా వచ్చేదాకా భార్య చెవిన పడకూడదని పంతం.

ఒక మంగళవారం పొద్దున ఆవిడ వంటింట్లో దోసె పోస్తోంది. ఆ సాయంత్రం విమానంలో మళ్లీ డ్యూటీకి బయల్దేరాలి. వెనక నుంచి బొంగురుగా, అడుగునుంచి తోడినట్టు ఒక మాట వినిపించింది.

"మణీ. చట్నీలో. ఉప్పు. లేదు."

పద్నాలుగు నెలల తర్వాత మొదటి మాట! ఆవిడ అట్లకాడ వదిలేసి ఆయన్ని పట్టుకుని ఏడ్చేసింది. ఆ పూటంతా ఆయన్ని మాట్లాడించింది. వాళ్లింట్లోనే ఉండే ఆడపడుచు అప్పయమ్మ వీధిలో వాళ్లను పిలుచుకొచ్చి, అన్నయ్య చేత అందరినీ పేరు పెట్టి పలికించింది. సాయంత్రం రాజమండ్రిలో విమానం ఎక్కేదాకా రత్నమణిగారి కళ్లు తడారలేదట. విమానంలో పద్నాలుగో నిబంధన ప్రకారం కునుకు సీటు. యాభై నిమిషాలు. ఆ తర్వాత హైదరాబాదు నుంచి గువాహటి విమానం, ఎప్పటిలాగే చక్కగా నడిపింది.

మర్నాడు పొద్దున హోటల్నుంచి ఇంటికి ఫోను చేసింది. అవతల ఎవరిదో బొంగురు గొంతు.

"మణీ."

"ఎవరండీ మీరు? మా ఆయన ఫోను మీ దగ్గరెందుకుంది?"

అవతల ఫోను కింద పడ్డ చప్పుడైంది. కాసేపటికి అప్పయమ్మ ఫోను అందుకుంది. "అదేంటొదినా అలాగంటావు? నిన్నేగా నువ్వు అన్నయ్య గొంతు విని ఏడ్చావు? నీకేం పోయేకాలం వచ్చింది? అన్నయ్య అక్కడ కూలబడిపోయాడు!"

రత్నమణిగారు మంచం మీద కూర్చుని మంగళవారం కోసం వెతికింది. సోమవారం ఉంది. మంగళవారం సాయంత్రం ఆరింటికి సీట్లోంచి లేవడం ఉంది. గువాహటిలో ఎదురుగాలి ఎంతుందో కూడా అంకెలతో సహా ఉంది. మధ్యలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమీ లేదు.

ఆ వారం ఇంటికి వెళ్లేసరికి వీర్రాజు మళ్లీ పలక పట్టుకున్నాడు. ఆవిడ కాళ్లా వేళ్లా పడింది. ఆయనకు కోపం కాదు, బాధ. పలక మీద నెమ్మదిగా రాశాడు. "నీకు గుర్తుండే రోజున మాట్లాడతాను."

*

ఆ పలక రాతను ఫోనులో ఫొటో తీసుకుని తిన్నగా నా ప్రయోగశాలకు వచ్చింది. జరిగిందంతా విన్నాక నాకు ఠక్కున కాజాలు గుర్తొచ్చాయి. ఆనాటి మా నవ్వు కూడా. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే పరీక్ష చేశాం. పొద్దున పది బొమ్మలు చూపించాను, ఒక కథ చెప్పాను, అందరం కలిసి పులిహోర తిన్నాం. మధ్యాహ్నం సీట్లో పడుకోబెట్టాను. లేచాక బొమ్మలు లేవు, కథ లేదు, పులిహోర లేదు. పొద్దున నిద్ర లేచి తలుపు తెరిచిందీ గుర్తులేదు.

మామూలు నిద్ర ఇల్లాలి లాంటిది. మిగిలిన కూరలు ముందు వేరే గిన్నెల్లోకి సర్దుకుని, తర్వాతే అంట్లు తోముతుంది. నా సీటు కూరతో సహా తోమేస్తోంది. ఆ రోజు నిద్ర లేచినప్పట్నుంచి సీటెక్కేదాకా జరిగిందంతా అలసటతోపాటు కొట్టుకుపోతోంది. నేను ఇన్నేళ్లూ సీటు దిగాక ఎంత చురుగ్గా ఉన్నారని కొలిచానే గాని, ఎక్కకముందు ఏం జరిగిందో గుర్తుందా అని ఎవర్నీ అడగలేదు. ఎలుకను మాత్రం ఏమని అడుగుతాం?

"మరి మూడేళ్లలో విమానం నడపడంలో ఎక్కడా తేడా రాలేదేంటండీ?" అని అడిగింది.

"డ్యూటీ మొదలయ్యేది సీటు దిగాకే కదా! అందుకని దానికేమీ కాదు."

"బావుంది. కంపెనీది ఒక్క నిమిషం పోలేదు. పోయిందంతా ఇంటిదే."

నేను పరీక్ష కాగితాలు సర్దసాగాను.

"రెండు వందల పన్నెండు మందిమి డాక్టరుగారూ. ఒక్కరూ మీతో అనలేదా?"

"మీరు మాత్రం ఎప్పుడన్నారు?"

"ఆయ్. నేనూ అనలేదు." దాచకుండా ఒప్పుకుంది. "మొన్నటిదాకా పెద్దవి పోలేదు. ఊరెళ్తూ తాళంచెవి ఎక్కడ పెట్టానో తెలీదు, అప్పయమ్మ చెప్పిన పని తెలీదు. వయసనుకున్నాను. అనుకుని దాచాను."

ఎందుకు దాచిందో నాకు తెలుసు. ఆరు నెలలకోసారి పైలట్లకు వైద్యపరీక్ష ఉంటుంది. అందులో చిన్న మచ్చ పడినా లైసెన్సు పోతుంది. అందుకని పైలటు డాక్టరు దగ్గర నోరు తెరిచేది నాలుక చూపించడానికే. ప్రపంచంలో అంత అబద్ధాలకోరు రోగి ఇంకొకడు ఉండడు. తనకొక్కడికే మతిమరుపు వచ్చిందని ప్రతివాడూ అనుకున్నాడు. పక్కవాడికి కూడా చెప్పకుండా కడుపులో పెట్టుకున్నాడు. మూడేళ్లు అంతమంది ఒకే కాక్‌పిట్‌లో పక్కపక్కన కూర్చుని ఒకరి దగ్గర ఒకరు ఒకే రహస్యాన్ని దాచారు.

"నేను పరిశోధన పత్రం రాస్తాను. ఎవరి పేరూ ఉండదు. ఏడాదిన్నరలో అచ్చవుతుంది. అప్పుడు సీట్లు వాళ్లంతట వాళ్లే తీసేస్తారు," అన్నాను. మాట బాగానే ఉంది గాని, అందులో సగం నా శాలువాల మీది మమకారం అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"ఏడాదిన్నర." ఆవిడ వేళ్లమీద ఏదో లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. "పిల్లల పుట్టినరోజులుంటాయండి అందులో. అమ్మానాన్నల్ని ఆఖరిసారి చూసిన రోజులు కూడా."

తన సంచిలోంచి ఆ నెల వైద్యపరీక్ష పత్రం తీసింది. 'మతిమరుపు ఏమైనా ఉన్నదా?' అన్న ప్రశ్న పక్కన ముప్పై ఏళ్లుగా 'లేదు' అని గీత గీసిన చెయ్యి అది. నా కలమే అడిగి తీసుకుని 'ఉంది' అని రాసింది. కింద నాలుగు వాక్యాల్లో కునుకు సీటు సంగతి రాసి సంతకం పెట్టింది.

నేను ఆ కాగితం మీద చెయ్యి వేసి నొక్కిపట్టాను. "ఇది ఇస్తే మీరు మళ్లీ ఎగరలేరు. మీకు యాభై ఏడు. వైద్యుల బోర్డు వాళ్లు మూడేళ్లు పరిశీలనలో పెడితే అరవై, కంపెనీలో రిటైరయ్యే వయసు, వచ్చేస్తుంది. ఆలోచించండి."

"ఊరూ పేరూ లేకుండా చెప్తే పుకారంటారండి. ఎవరో ఒకరు నాకే జరిగిందని చెప్పాలి." మెల్లిగా నా చెయ్యి తీసేసింది. "మీరు బాధపడకండి. మీ సీటు మంచిదేనండి. ఏది కడగాలో దానికి తెలీదు, అంతే."

నేను చాలామంది మేధావులను చూశాను. వాళ్లలో సగం మంది పక్కన కూర్చుని నన్ను నేను పొగుడుకున్నాను. ధైర్యం అంటే ఏమిటో మాత్రం ఆ మధ్యాహ్నమే చూశాను.

*

మర్నాడు పొద్దున శంషాబాదులో పైలట్ల విశ్రాంతి గదికి ఆవిడతోపాటు నేనూ వెళ్లాను. నలభై మంది దాకా ఉన్నారు. కాఫీ కప్పులు, వాతావరణ కాగితాలు, నవ్వులు. రత్నమణిగారిని చూడగానే కుర్రాళ్లంతా లేచి నిలబడ్డారు. వాళ్లలో సగం మందికి ఆవిడే గురువు.

"కూర్చోండమ్మా కూర్చోండి. ఒక్క ప్రశ్న. కిందటిసారి ఇంటినుంచి డ్యూటీకి బయల్దేరిన రోజు మధ్యాహ్నం అన్నంలోకి ఏం కూర తిన్నారు?"

నవ్వులు. ఒకాయన, "మా ఆవిడ వంట గుర్తుండకపోవడమే మంచిది మేడమ్," అన్నాడు. ఇంకా నవ్వారు.

ఆవిడ నవ్వలేదు. "నాకు గుర్తులేదర్రా. కూర పోతే పోయింది. మా ఆయనకి గొంతు తిరిగొచ్చిన రోజు గుర్తులేదు. మా ఆయన ఫోనులో పలకరిస్తే ఎవరు మీరని అడిగాను. కునుకు సీటు తీసుకుపోయింది. నిన్న రాసిచ్చేశాను. నా లైసెన్సు ఇవాళో రేపో పోతుంది. మీరు రాయమని నేను చెప్పను. మీలో ఒక్కరికీ ఇలా లేదంటే, ముసలిదాని మతి పోయిందనుకుని నన్ను వదిలెయ్యండి."

ఎవరూ కదల్లేదు. వీళ్లు నోరు మెదపకపోతే ఆవిడ త్యాగం బూడిదలో పోసిన పన్నీరే.

మూల కూర్చున్న ఒక కోపైలటు మెల్లిగా లేచాడు. నౌషాద్ అని, రాజమండ్రి కుర్రాడు. చొక్కా జేబులోంచి అరచేతి పుస్తకం ఒకటి తీసి ఆవిడ ముందు బల్ల మీద పెట్టాడు.

"మా రెహానా రాసిస్తుంది మేడమ్," అన్నాడు. "నేను బయల్దేరే రోజు ఇంట్లో ఏం జరిగిందో, నేనేం అన్నానో, పాప ఏం చేసిందో. దిగాక చదువుకుంటాను. ఫోనులో తేడా రాకుండా. రెండేళ్లయింది. ఇలాంటివి ఆరు పుస్తకాలు."

అతని పక్కనున్న కెప్టెను, జుట్టు నెరిసిన మనిషి, నౌషాద్ వంక అలా చూస్తూ ఉండిపోయాడు. ఆ ఇద్దరూ ఏడాదిగా జంటగా ఎగురుతున్నారు. ఆయన తన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. అందులో భార్య పంపిన ఫొటోలు, ఒక్కో దాని కింద తేదీ, వివరం. ఒకమ్మాయి కోటు లోపలి జేబులోంచి మడతపెట్టిన చీటీ తీసింది. ఇంకొకరు చేతి గడియారం పట్టీ కింద దాచిన చిన్న కాగితం తీశారు. పది నిమిషాల్లో ఆ బల్ల నిండిపోయింది.

నేను గోడకు ఆనుకుని నిలబడి ఏడ్చాను. దాచుకోలేదు. నేను చేసిన సీటు, నేను రాసిన నిబంధన, వాటివల్ల ఇన్ని ఇళ్లలో ఇంతమంది ఇల్లాళ్లూ మొగుళ్లూ కూర్చుని రోజుల్ని కాగితాల మీద ఎక్కిస్తున్నారు. నాకు ఒక్క ముక్క తెలియదు.

ఆ సాయంత్రానికి నూట డెబ్బై ఒక్క మంది సంతకాలు చేసిన పత్రం తయారైంది. అంతమందిని ఒక్కసారి ఇంటికి పంపితే కంపెనీయే మూతపడుతుంది. అందుకని మూతపడింది కునుకు సీటే. పద్నాలుగో నిబంధన కొట్టేశారు. కుర్రవాళ్లకు ఆరేసి వారాలు సెలవిచ్చి, పరీక్షలు చేసి, మళ్లీ విమానాలెక్కించారు. డ్యూటీకి ప్రయాణించే పైలటుకు నడుం వాల్చే మామూలు ముందు సీటూ, దిగాక హోటల్లో ఒక రాత్రి నిద్రా ఇవ్వాలని కొత్త నిబంధన రాశారు. ఈసారి రాసింది నేను కాదు.

రత్నమణిగారి విషయంలో మాత్రం నేను భయపడ్డదే జరిగింది. మొదట రాసిచ్చింది ఆవిడ, అందరికంటే ఎక్కువసార్లు ఆ సీటెక్కిందీ ఆవిడే. మూడేళ్ల పరిశీలన అన్నారు. ఇరవై రెండు వేల గంటలు ఎగిరిన మనిషి ఒక కాగితంతో నేలమీదికి దిగిపోయింది. బోర్డు గదిలోంచి బయటికొచ్చి నాతో అన్న మాట ఒక్కటే. "ఆకలేస్తోందండి. ఎక్కడైనా పెసరట్టు దొరుకుతుందా?"

*

హైదరాబాదులో కంపెనీ ఇచ్చిన గది ఖాళీ చేసి ఆవిడ ఇంటికి వెళ్లే రోజున సాగనంపడానికి వెళ్లాను. బయల్దేరే ముందు వీర్రాజు దగ్గర్నుంచి పలక ఫొటో వచ్చింది. "ఇవాళ సాయంత్రం మాట్లాడతాను. తొందరగా రా." ఆవిడ దాన్ని నాకు మూడుసార్లు చూపించింది.

కౌంటరు దగ్గర పక్కకి నిలబడింది. లైసెన్సు లేని మాజీ పైలటు కాబట్టి సీనియారిటీ జాబితాలో ఆఖరి పేరు. విమానం నిండిపోయింది. టికెట్టు కొన్నవాళ్లంతా ఎక్కాక ఒకే ఒక్క సీటు మిగిలింది. కౌంటర్లో అమ్మాయి తెర వంక చూసి, మొహం చిన్నబుచ్చుకుని, "సారీ మేడమ్. సెలవు మీద వెళ్తున్న పైలటు ఒకరు మీకంటే ముందున్నారు. కాక్‌పిట్లో మడత సీటు ఖాళీయే గాని, అందులో లైసెన్సున్నవాళ్లే కూర్చోవాలి," అంది.

"తెలుసమ్మా. ఆ నిబంధన నేను పాతికేళ్లు పాటించాను," అంది రత్నమణిగారు. నవ్వుతూనే అంది గాని ఫోనులో పలక ఫొటో మళ్లీ తెరిచి చూసుకుంది. తర్వాతి విమానం మర్నాడు మధ్యాహ్నం. నాకు ఒళ్లు మండిపోయింది. ఈవిడ ఎవరో తెలుసా అని కౌంటరు మీద చెయ్యి చరచబోయాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. "అడక్కూడదండి."

ఆ సీటు తాలూకు పైలటు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నౌషాద్. నాలుగు రోజుల డ్యూటీ ముగించుకుని ఇంటికి వెళ్తున్నాడు. కౌంటరు అమ్మాయి ఇచ్చిన బోర్డింగు కార్డు చూశాడు, పక్కన నిలబడ్డ ఆవిడను చూశాడు. మారుమాట లేకుండా కార్డు మీద పేరు మార్పించి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నేను కాక్‌పిట్లో మడత సీట్లో కూర్చుంటాను మేడమ్."

"వద్దురా. అలసిపోయి ఉన్నావు. గంటసేపు నడుం విరిగిపోతుంది."

"విరగనివ్వండి. ఇంటికి వెళ్లాలంటేనే భయంగా ఉంది నాకు. బయల్దేరిన రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా రెహానా నన్ను తిడుతూనే ఉంది మేడమ్. గీజరు బాగు చేయించలేదని మొదలుపెట్టి మా నాన్నదాకా వెళ్లింది." వాడి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. మొహం మాత్రం దీపావళిలా ఉంది. "ఒక్క ముక్క మర్చిపోలేదు మేడమ్. మొదట్నుంచి చివరిదాకా అప్పజెప్పమంటారా?"

రత్నమణిగారు కౌంటరు దగ్గరి జనమంతా తిరిగి చూసేటట్టు గట్టిగా నవ్వింది. వాడి తల మీద చెయ్యి వేసి, "దారిలో చెప్పకు. ఇంటికెళ్లి రెహానాకి అప్పజెప్పు," అని, సంచి భుజాన వేసుకుని విమానం వైపు నడిచింది.